ఎనిమిది ఎర్ర తువ్వాళ్ళు

పోయినవారం సంచిక అప్పుడే ఉల్లిపకోడీల పొట్లమైపోయిన ఇళ్ళవారి కోసం, కథ ఎక్కడ ఆగిందో ఒకసారి చెప్పుకుందాం.

విశాఖపట్నంలో 'వైజాగ్ వేవ్స్' అని ఒక పాప్ పాటల బృందం ఉంది. పాప్ అంటే పాపం అనుకునే పెద్దలున్న ఊళ్ళో, పాపం, వాళ్ళు మూడేళ్ళుగా పెళ్ళిళ్ళలోనూ వినాయకచవితి పందిళ్ళలోనూ పాడుకొస్తున్నారు. మద్రాసులో ఒక కేసెట్ల కంపెనీవాళ్ళు వీళ్ళ పాట విని, "చెవులకి బాగుంది, మరి కళ్ళకి? డాన్సు కట్టి వీడియో తీసి పంపండి, చూసి చెబుతాం" అన్నారు. బృందం నాయకుడు గురునాథరావు. వారమంతా ఉక్కు కర్మాగారం కట్టేచోట కూలీలకి హాజరు వేసి, ఆదివారం కీబోర్డు వాయించుకునే మనిషి. డాన్సు కట్టడానికి మద్రాసు నుంచి దిగిన బాబ్సన్ మాస్టారు దొరికేసరికి, మాస్టారంటే ఇక మా స్టారే అని మురిసిపోయాడు.

ఆ స్టారు ఏ ఆకాశం నుంచి రాలిందో మీకూ నాకూ తెలుసు, వాళ్ళకే తెలీదు. బాబ్సన్ అసలు తాతబాబు. డాల్ఫిన్ నోస్ కొండ అవతల యారాడలో చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడు. పదమూడేళ్ళ కిందట మద్రాసు రైలెక్కి, పేరులోని తాతని సెంట్రల్ స్టేషన్లో దింపేసి, మిగిలిన బాబుకి 'సన్ను' తగిలించుకున్నాడు. తాతని వదిలేసి కొడుకుని చేర్చుకున్నాడన్నమాట.

ఊరొదలడానికి కారణం చిన్నదే, సిగ్గే పెద్దది. యారాడలో పెద్ద వల వేసేటప్పుడు ఒకడు ఒడ్డునున్న బండ ఎక్కి నీళ్ళని చూస్తూ నిలబడతాడు. చేపల గుంపు పైకొస్తే అక్కడ నీళ్ళు నల్లబడతాయి. అప్పుడు వాడు తువ్వాలు ఊపి, నావ ఎటు వెళ్ళాలో, వల ఎక్కడ దింపాలో సైగ చేస్తాడు. నావలో ఉన్నవాళ్ళకి ఆ తువ్వాలే కన్ను. తాతబాబు మేనత్త గంగాలమ్మ మొగుడు ఆ విద్యలో మొనగాడు. కన్నకొడుకు ఎల్లారావుని కాదని మేనల్లుడి చేతిలో తువ్వాలు పెట్టి, "నా కూతురు చిట్టమ్మ కూడా నీదే" అన్నాడు. పదిహేడేళ్ళ తాతబాబు మొదటిసారి తువ్వాలు ఊపిన రోజున వల ఖాళీగా వచ్చింది. ఖాళీ అంటే నాచు ముక్క కూడా లేనంత ఖాళీ. మబ్బు నీడని చూసి చేప అనుకున్నాడని ఊరంతా పడీపడీ నవ్వి, 'మబ్బుబాబు' అని పేరు పెట్టింది. మావ మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మూడోనాటికి ఆ మబ్బు మద్రాసు వైపు తేలిపోయింది.

అలాంటివాడు, షూటింగు ఎక్కడంటే భీమిలి అన్నాడు, రుషికొండ అన్నాడు, అవీ కాదంటే ఏదైనా డాబా మీద తీద్దామన్నాడు. గురునాథరావు మాత్రం "యారాడే మాస్టారూ! ఇసక బంగారం, జనం బెడద లేదు" అని వ్యాను కొండెక్కించి దింపేశాడు. పోయినవారం మనం ఆగింది అక్కడే.

గడ్డం, నల్లకళ్ళద్దాలు, తెల్లబూట్లు. ఈ మూడింటి వెనకా తాతబాబు దాక్కున్నాడు. గడ్డం ఉంటే గండం గడుస్తుందని అతని నమ్మకం.

పని మొదలైంది. పాట టేపురికార్డరులో మోగుతుంది, కుర్రాళ్ళు పెదాలు కలుపుతూ ఆడాలి. "ఉక్కు ఊళ్ళో ఉక్కపోస్తే సముద్రమే ఫ్యాను" అన్నది పల్లవి. ఎనిమిదిమంది ఆటగాళ్ళు, ఒకే తాను గుడ్డతో కుట్టించిన పసుపుపచ్చ చొక్కాలు, చేతుల్లో ఎర్ర తువ్వాళ్ళు. వరసగా ఒడ్డునున్న పెద్ద బండ మీద నిలబెట్టారు. వెనక సముద్రం కనపడుతుందని ఆ బండని ఎంచింది గురునాథరావు. అది ఏ బండో తాతబాబుకి తెలుసు. తెలిసినట్టు తెలియనిస్తే ఎలా తెలుసని అడుగుతారు. అందుకని నోరు మూసుకున్నాడు.

కెమెరా అర్జునరావుది. సీతమ్మధారలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. మర్నాడు పొద్దున్నే తగరపువలసలో పెళ్ళి. ఈ ఒక్కరోజుకే కెమెరా ఇటు మళ్ళించాడు.

"ఏం బాబూ, వీడియో అంటే వీడు ఆడాలి గానీ, దిక్కులు చూడకూడదు," అని అర్జునరావు మూడోవాడి మీద కేకలేశాడు. "ఎటు చూస్తున్నావురా కన్నబాబూ? కెమెరాకేసి చూడకు! మాస్టారి చేతులకేసి చూడు!"

అదే పద్ధతి. కుర్రాళ్ళకి లెక్క నిలవదు. ఐదు తర్వాత ఎనిమిది వచ్చేస్తుంది. అందుకని తాతబాబు కెమెరా వెనక ఒక పెట్టె మీదెక్కి, తానూ ఒక ఎర్ర తువ్వాలు పట్టుకుని, ఏం చేస్తే వాళ్ళు అది చెయ్యాలని నియమం పెట్టాడు. "నేను తుమ్మినా మీరు తుమ్మాలి," అని చెప్పాడు. ఒకటి నుంచి నాలుగు దాకా తువ్వాలు తల మీద తిప్పడం, ఐదు ఆరు కుడికి, ఏడు ఎడమకి, ఎనిమిదికి కిందికి.

చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎనిమిది తువ్వాళ్ళు ఒక్కసారి లేస్తే మందారాల తోట లేచి నిలబడ్డట్టుంది. ఆ తోటని చూసి మురిసినవాళ్ళు ఒడ్డున నలుగురైతే, సముద్రంలో పదకొండుమంది. వాళ్ళు మురవలేదు. వాళ్ళు ఎల్లారావు నావలో తెల్లారినుంచీ సైగ కోసం కాచుకు కూర్చున్నారు.

ఊళ్ళో ఈమధ్య తువ్వాలు పట్టిన ఇంకో ముసలాయన కళ్ళకి పొర కమ్మి పోయినేడు మానేశాడు. ఇప్పుడు ఎవడు పడితే వాడు ఎక్కుతున్నాడు. కాబట్టి బండ మీద మనుషుల్ని చూసి, ఇవాళ ఎనిమిదిమంది ఎక్కారు, గట్టిగా చూస్తున్నారు కాబోలు అనుకున్నారు నావవాళ్ళు. కుడికంటే కుడికి తెడ్లు వేశారు. ఎడమకంటే ఎడమకి వేశారు. కిందికంటే ఆగారు. అర్జునరావు "కట్! మళ్ళీ!" అన్నప్పుడల్లా నావ మొదటికొచ్చింది. ఎనిమిదిసార్లు తీశారు. ఎనిమిదిసార్లూ, పాటకి తాళం తప్పకుండా ఆడింది ఎవరయ్యా అంటే ఆ నావే.

తొమ్మిదోసారి తీస్తున్నప్పుడు జరిగింది అసలు సంగతి.

టేపు మోగుతోంది. తాతబాబు పెట్టె మీద నిలబడి లెక్క పెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. కుర్రాళ్ళ తలల మీదుగా సముద్రం కనిపిస్తోంది. కొండ ముక్కుకి ఇవతల, ఒక చాప పరిచినంత మేర నీళ్ళు నల్లబడ్డాయి. చూస్తుండగానే చాప కాస్తా పందిరంత అయింది. అంచు వణుకుతోంది. మబ్బు నీడకి అంచు వణకదని మావ చెప్పిన మాట పదమూడేళ్ళ తర్వాత చెవిలో పడింది. అతను తల ఎత్తి ఆకాశం చూశాడు. తుడిచిన పళ్ళెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు.

నాలుగు అనలేదు. చెయ్యి దానంతటది కుడికి వెళ్ళింది. మళ్ళీ కుడికి. మూడోసారి కుడికి వెళ్ళి, మణికట్టు దగ్గర విరిగినట్టు ఠక్కున కిందికి వాలింది. తర్వాత గుండ్రంగా, నెమ్మదిగా, పెద్దగా ఒక సున్నా చుట్టింది.

మాస్టారు తుమ్మితే తుమ్మమన్నారు కదా. ఎనిమిదిమందీ అదే చేశారు. ఎనిమిది సున్నాలు. నావవాళ్ళకి నెమ్మదైన పెద్ద సున్నా అంటే వల దింపమని.

సముద్రంలో ఎల్లారావు వల దింపేశాడు.

"కట్! ఇదేం స్టెప్పు మాస్టారూ, రిహార్సల్లో లేదే?" అన్నాడు గురునాథరావు.

"బాగుంటుందనీ," అన్నాడు తాతబాబు.

నావ వలని చుట్టూ పరుచుకుంటూ వచ్చి తాడు కొసలు ఒడ్డున పడేసింది. ఎల్లారావు నడుంలోతు నీళ్ళలోకి దూకి, ఇసకలోకి వచ్చి, పసుపు చొక్కాలని కిందినుంచి పైకి చూశాడు.

"ఎవుల్రా మీరు?"

"వైజాగ్ వేవ్స్ అండీ," అన్నాడు కన్నబాబు.

"వేవులా? మా సముద్రంలో నేవేటి వేవులు, మీరట్టుకొచ్చేరా? ఒరే, ఏటనుకున్నారు మమ్మల్ని? పొద్దున్నించి అటూ ఇటూ తిప్పీసి మా రెక్కలిరగ్గొట్టీసినారు కదరా! ఆ బండ మీదెక్కి తువ్వాలు తిప్పితే ఏటో తెలుసా?"

"డాన్సండీ. కేసెట్టుకి."

"డేన్సా!" ఎల్లారావు తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "డేన్సుకి వలేసీసినాను రా నాయనో!"

ఈ మాట తాడు పట్టడానికి వస్తున్న జనం దాకా వెళ్ళి, జనంలోంచి గంగాలమ్మని తీసుకొచ్చింది. అరవై దాటిన మనిషి. మొగుడు పోయాక ఒడ్డున పెద్దరికం ఆమెదే. ఎవరి మీదా అరవదు. ఆమె నడిచి వస్తుంటే ఎల్లారావే అరుపు తగ్గించాడు.

"వల నీళ్ళలో పడ్డాది," అంది ఆమె గురునాథరావుతో, మామూలుగా. "ఇంక తగువునేదు. వల ఒడ్డుకొచ్చీదాకా ఒడ్డు మీదున్నోలెవులూ ఎల్లకూడదు. అది మా కట్టు. మీ వేనూ అంతే, ఆ పెట్టె మిసనూ అంతే."

అర్జునరావు గుండె తగరపువలసలో పడింది. "అమ్మా, రేపు పొద్దున్న పెళ్ళుందమ్మా! సాయంత్రానికి వెళ్ళి బ్యాటరీలు నింపుకోవాలి!"

"వల రానీ, నువ్వూ ఎల్దువు. ఇంకోటుంది. సైగ ఇచ్చినోడు ముందు తాడు పట్టాల. సముద్రమేపు మొగం పెట్టి నిలబడాల. వల పూర్తిగా లాగీదాకా ఎనక్కి తిరక్కూడదు. ఒకడు సైగిచ్చిన వల రెండుమార్లు కాళీగా వస్తే ఆడింక జన్మలో తువ్వాలట్టుకోకూడదు. ఎవుడిచ్చినాడు సైగ?"

గురునాథరావు ఒక అడుగు ముందుకేశాడు. హాజరు పుస్తకం రాసే మనిషి. ఎవడు తప్పు చేసినా ముందు సంజాయిషీ తానే ఇచ్చి అలవాటు. "నాది తప్పండీ. పాట నాది, బండ నేనే ఎంచాను. మాస్టారు మద్రాసు మనిషి, ఆయనకి ఇక్కడి సంగతులేం తెలుస్తాయి? మా కుర్రాళ్ళు తెలీక ఊపేశారు."

"తెలీక ఊపినోలు ఎనిమిదిసార్లు ఊపినారు. నాను సూసినాను. తొమ్మిదోది తెలిసినోడు ఊపినాడు," అంది గంగాలమ్మ. "ఏదీ, ఆ పెట్టిలో అంతా దిగుతాదంట కదా. సూపించు."

అర్జునరావు టేపు వెనక్కి తిప్పి, కెమెరా గొట్టం ఆమె కంటికి ఆనించాడు. అందులో బొమ్మ వేలెడంత, రంగు లేకుండా కనిపిస్తుంది. ఆమె ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఎర్ర తువ్వాళ్ళు నల్లగున్నాయేటి?"

"అందులో అంతేనమ్మా. టీవీలో పెడితే ఎర్రగా వస్తాయి."

"సరే. ఇదిగో, మూడోది కిందికిరిసినాడు." ఆమె గొట్టం నుంచి కన్ను తియ్యకుండానే అంది. "ఎనిమిదిమందీ ఇరిసినారు, ఒకడి తరవాత ఒకడు, కూసింత ఎనకబడి. ఎవుడో ఇరిస్తే సూసి ఇరిసినారు. ఎటు సూస్తన్నార్రా మీరంతా? సముద్రమేపు కాదు. ఇటు. పెట్టి ఎనక్కి."

ఆమె కన్ను తీసి, కెమెరా వెనక్కి తిరిగింది.

అక్కడ ఒక పెట్టె. పెట్టె మీద తెల్లబూట్లు. బూట్లలో బాబ్సన్ మాస్టారు.

పారిపోవడానికి దారి ఉంది. "ఇది మద్రాసు స్టెప్పు, మా గురువుగారు నేర్పారు" అంటే చాలు. గురునాథరావు సాక్ష్యం చెబుతాడు కూడా. ఎనిమిదిమంది కుర్రాళ్ళలో ఎవడో ఒకడు తాడు పట్టుకుంటాడు, వాడికి పోయేదేం లేదు. ఖాళీగా వస్తే ఊరు నవ్వేది ఎవడో ఊరూపేరూ లేనివాణ్ణి చూసి. తాతబాబు ఇవన్నీ ఎనిమిది లెక్కపెట్టేలోపల ఆలోచించేశాడు. లెక్క అతని వృత్తి.

"మూడోసారి మణికట్టు ఇరవడం," అంది గంగాలమ్మ, అతని కుడిచెయ్యి పట్టుకుని తిప్పిచూస్తూ, సంతలో వంకాయ చూసినట్టు. "ఈ ఊళ్ళో అలగ ఒక్కడే ఇరిసీవోడు. ఆడు నా మొగుడు. ఆడు పోయి ఐదేళ్ళైపోనాది. నీకెవులు నేర్పేరు బాబూ?"

మావ పోయాడన్న సంగతి తాతబాబుకి అప్పుడే తెలిసింది. ఏ ఉత్తరమూ రాయనివాడికి ఏ ఉత్తరమూ రాదు.

అతను నల్లకళ్ళద్దాలు తీశాడు.

"మావే నేర్పినాడత్తా," అన్నాడు. "నాను తాతబాబుని."

పదమూడేళ్ళు మద్రాసులో నిలబెట్టిన భాష ఒక్క ముక్కకి కూలిపోయింది. గురునాథరావు నోరు తెరిచాడు, మూయడం మరిచాడు. గంగాలమ్మ చెయ్యి వదలలేదు. గడ్డం పట్టుకుని ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది.

"గెడ్డమెందుకురా దొంగసచ్చినోడా, ఎంత బాగుండీవోడివి," అంది. ఆమె చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉండిపోయింది.

నవ్వింది మాత్రం ఎల్లారావు. మొదట ఒక్కడే, తర్వాత జనమంతా.

"మబ్బుబాబా! ఓరి, మబ్బుబాబు వొచ్చీసినాడర్రా! బావా, ఇన్నేళ్ళకొచ్చి మళ్ళీ మబ్బుకే ఏయించీసినావేటి నా వల?"

"పైకి సూడు బావా. మబ్బుందేటి?"

ఎల్లారావుతో పాటు ఊరంతా తలలెత్తి చూసింది. నీలంగా, బోసిగా ఉంది. నవ్వు కొంచెం తగ్గింది.

"మబ్బు నేకపోతే నేదు," అన్నాడు ఎల్లారావు. "సేప ఉండాల కదా."

"ఉంటాది. నేకపోతే తువ్వాలే కాదు, డేన్సూ మానీస్తాను."

"మాస్టారూ!" అన్నాడు గురునాథరావు గాభరాగా. మాస్టారు డాన్సు మానేస్తే వీడియో ఏమవుతుందో, మద్రాసు కంపెనీకి ఏం పంపాలో అతనికి ఒక్కసారి కళ్ళముందు కనబడింది. సగం పాటే అయింది ఇంకా.

తాతబాబు అప్పటికే బూట్లు విప్పేశాడు. మేజోళ్ళు బూట్లలో కుక్కి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచాడు. నీళ్ళలోకి దిగి తాడు కొస పట్టుకుని సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. తాడుది పదమూడేళ్ళ కిందటి గరుకే. మద్రాసు డాన్సుల్లో వెనక వరసలో పదమూడేళ్ళు ఆడినవాడు మొదటిసారి ముందు వరసలో ఉన్నాడు.

వెనక గురునాథరావు గొంతు వినిపించింది. "ఏంట్రా చూస్తున్నారు? ఆయన చెయ్యి చూసి కదా మీరూ ఊపారు. పట్టండి తాడు!"

పసుపు చొక్కాలు ఒకటొకటే నీళ్ళలోకి దిగాయి. మొదట తడబడ్డారు. ఊరివాళ్ళు లాగేటప్పుడు వీళ్ళు వదులుతారు, వాళ్ళు వదిలేటప్పుడు వీళ్ళు లాగుతారు. ఎల్లారావు తిట్టాడు. తాతబాబు వెనక్కి తిరక్కుండానే గట్టిగా లెక్క అందుకున్నాడు: ఒకటి రెండు మూడు నాలుగుకి లాగడం, ఐదు ఆరు ఏడు ఎనిమిదికి పట్టు మార్చుకోవడం. రెండు లెక్కలు తిరిగేసరికి ఊరూ కలిసింది. నలభైమంది ఒక్క అడుగు వేసి, ఒక్కసారి వంగి, ఒక్కసారి లేస్తున్నారు.

"ఆపకండి!" అని ఒడ్డు మీంచి అరుపు. అర్జునరావు కెమెరా భుజానెత్తుకుని ఇసకలో పరిగెడుతున్నాడు. పెళ్ళి మరిచిపోయాడు, బ్యాటరీ మరిచిపోయాడు. "గురునాథరావు గారూ, ఇదండీ డాన్సు! పొద్దున్నించి మనం తీసింది చెత్త! ఆ పాట పెట్టండి ఎవరైనా!"

ఎవరో పెట్టారు. సముద్రమే ఫ్యానంటూ పాట మొదలైంది. ఎల్లారావు "ఆపండ్రా ఆ గోల" అన్నాడు గానీ, కాళ్ళు తాళం తప్పలేదు.

తాడు బరువెక్కుతోంది. ఖాళీ వలకీ బరువుంటుంది, తడి బరువు. అది ఏ బరువో ఇప్పుడే చెప్పలేం. తాతబాబు అరచేతులు బొబ్బలెక్కాయి. మూడువందల గజాల దూరంలో వల బెండ్లు ఒక వంపుగా తేలుతున్నాయి.

అతని వెనక తాడు మీదికి మరో రెండు చేతులొచ్చాయి. మగవాళ్ళు చాలనప్పుడు ఆడవాళ్ళూ పట్టడం అక్కడ మామూలే. గాజుల చప్పుడు వినబడింది.

"తిరక్కు," అంది వెనకనుంచి ఒక ఆడగొంతు. "తిరిగితే అమ్మ ఊరుకోదు. నాను సిట్టమ్మని."

అతను తిరగలేదు. లెక్క మాత్రం మూడు దగ్గర తప్పింది. ఊరంతా తూలింది.

"లెక్క సూసుకో," అంది ఆమె. "లాగుతూ ఇను. మళ్ళీ సెప్పడానికి నాకు దైర్నం సాలదు. పదమూడేళ్ళు నీకోసం కాదు, ఈ మాట దింపుకోడానికి సూసినాను."

"సెప్పు."

"ఆ రోజు నువ్వు సూసింది మబ్బు కాదు."

ఐదు, ఆరు. పట్టు మారింది.

"సేపే. గుంపు గుంపంతా వలలో పడ్డాది. వల ఎనకాల ఏలాడే సంచి అడుగునుంటాది కదా ముడి, తెల్లారగట్ల నావెక్కించే ముందు ఆ ముడి జారుముడేసినాను. నీళ్ళలో ఊడిపోనాది. ఒడ్డుకొచ్చినాక అందరికన్నా ముందు పరిగెట్టి బిగించీసినాను. ఎవులూ సూడనేదు. మా నాన్నొక్కడు సూసినాడు."

మావ ఎందుకు నవ్వలేదో, ఎందుకు తిట్టలేదో తాతబాబుకి తెలిసింది. నీళ్ళు మోకాళ్ళకి కొట్టి వెళ్ళాయి.

"ఎందుకు?" అన్నాడు.

వెనక గాజులు ఆగాయి. పాట మోగుతూనే ఉంది. ఒడ్డు మీద గంగాలమ్మ "తాడు! తాడు సూసుకోండి!" అని కేకేసింది.

"ఎందుకే సిట్టీ?"

తాడు మీద ఆమె చేతుల బరువు తగ్గింది. వెనకాల నీళ్ళలో ఎవరో వడివడిగా నడిచి వెళ్ళిపోతున్న చప్పుడు. అంతలోనే తాడు చివర, వల అడుగున, ఏదో ఒక్క గుంజు గుంజింది.

వల ఒడ్డుకి రావడానికి ఇంకా రెండువందల గజాలుంది. అంతవరకూ అతను వెనక్కి తిరగడానికి లేదు.